జలాశయాలపై సౌర ఫలకాలు: ఒక్క నిరభ్యంతర పత్రం మీదే ఇంత బరువా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం.

జలాశయాల నీటి మీద సౌర ఫలకాలను తేలించి కరెంటు తీయాలన్న మాట మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచుగా వినబడుతోంది. భూసేకరణ గొడవ ఉండదని, నీరు ఆవిరైపోవడం కొంత తగ్గుతుందని, కింద నీరుండడం వల్ల ఫలకాలు అంతగా వేడెక్కక కాస్త ఎక్కువ కరెంటు ఇస్తాయని చెబుతారు. అందులో చాలావరకు నిజమే. అనుమతుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం పెట్టుబడి పెట్టేవారు అవి మరీ ఎక్కువైపోయాయని వాపోతారు, అనుమానించేవారు అసలు ఏ అనుమతీ లేకుండానే కట్టేస్తారని భయపడతారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరై, మడ్డువలస ఆయకట్టులో కొద్దిపాటి పొలం చూసుకుంటున్న నాకు ఈ రెండు మాటలూ సగం సగమే సరైనవిగా తోస్తాయి. అడగవలసిన అనుమతుల్లో చాలావాటిని చట్టాలు ఎప్పుడో మినహాయించేశాయి. వాటన్నిటి బరువూ వచ్చి జలవనరుల శాఖ ఇచ్చే ఒక్క నిరభ్యంతర పత్రం మీద పడింది. ఆ పత్రం ఏయే షరతుల మీద ఇస్తారో చెప్పే కాగితం మాత్రం, ఇన్నేళ్లు ఆ శాఖలోనే ఉండి కూడా, మా ప్రాంతపు ఏ జలాశయం విషయంలోనూ నా కంటబడలేదు.

ముందుగా ఏవి అక్కర్లేదో చూద్దాం. విద్యుత్ చట్టం, 2003లోని 7వ సెక్షను ప్రకారం గ్రిడ్‌కు అనుసంధానించే సాంకేతిక ప్రమాణాలు పాటిస్తే చాలు, కరెంటు ఉత్పత్తి చేయడానికి లైసెన్సు అవసరం లేదు. పర్యావరణ ప్రభావ మదింపుపై 2006లో వెలువడిన నోటిఫికేషన్ పరిధిలోకి సౌర ఫలకాల కేంద్రాలు రావని కేంద్ర పర్యావరణ శాఖ స్పష్టం చేసింది కాబట్టి ముందస్తు పర్యావరణ అనుమతి లేదు, దానితోపాటు జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో సౌర విద్యుత్తును తెలుపు వర్గంలో చేర్చింది, అంటే మండలికి సమాచారం ఇస్తే సరిపోతుంది, సమ్మతి పత్రం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఇక 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు తాగునీటి కోసం, సాగునీటి కోసం, చేపల పెంపకం కోసం మనుషులు కట్టుకున్న జలవనరులను చిత్తడి నేలల నిర్వచనం నుంచే తప్పించాయి. మడ్డువలస, తాటిపూడి, ఆండ్ర, హిరమండలం వంటివన్నీ ఆ మినహాయింపులోకే వస్తాయి.

ఈ మినహాయింపుల్లో దేనికదే చూస్తే సబబుగానే ఉంటుంది. బీడు నేల మీద ఫలకాలు పరిచేవాడి చేత బొగ్గు కేంద్రానికి రాసినట్టు పర్యావరణ నివేదిక రాయించడం అర్థం లేని పని. కానీ వీటిని రాసినప్పుడు అందరి కళ్లముందూ ఉన్నది నేల. నేల మీద కేంద్రానికి సర్వే నంబరు ఉంటుంది, పట్టాదారు ఉంటాడు, కౌలు పత్రమో క్రయ దస్తావేజో ఉంటుంది, పక్క రైతుకు అభ్యంతరముంటే తహసీల్దారు దగ్గరకు వెళ్తాడు. నీటి ఉపరితలానికి ఇవేవీ లేవు. ఒకే నీటి మీద ఆయకట్టు రైతుకు, మత్స్యకారుడికి, తాగునీటి పథకానికి, ఆనకట్ట భద్రత చూసే ఇంజనీరుకు, ఒక్కోచోట ముంపులో ఊరు పోగొట్టుకున్న నిర్వాసితుడికి తలా ఒక హక్కు ఉంటుంది. వీరిలో ఒక్కరి మాటైనా వినాలని చెప్పే చట్టం పక్కకు తప్పుకున్నాక మిగిలేది ఆ నిరభ్యంతర పత్రమే.

విద్యుత్ వైపు దారి అంత చిక్కుగా లేదు. రాష్ట్రంలో ఈ ప్రాజెక్టులకు నోడల్ సంస్థ నెడ్‌క్యాప్, అంటే రాష్ట్ర ప్రభుత్వపు పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ. గ్రిడ్ అనుసంధానానికి సౌర కేంద్రం పరిమాణాన్ని బట్టి తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గరకో, ట్రాన్స్‌కో దగ్గరకో వెళ్లాలి. పంపిణీ సంస్థే కరెంటు కొనేటట్లయితే ఆ ఒప్పందాన్ని, ధరను విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించాలి. పని పూర్తయ్యాక కరెంటు పారించే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ వారు వచ్చి చూసి అనుమతి ఇవ్వాలి. నీటి మీద ఎర్తింగు ఎలా చేశారు, కేబుళ్ల జాయింట్లలోకి తేమ చేరకుండా ఏ రక్షణ ఉంది, ఇన్వర్టర్లు గట్టు మీద పెట్టారా నీటి మీదే పెట్టారా అన్న సంగతులు ఆ తనిఖీలో బయటపడతాయి. రాజాం చుట్టుపక్కల జనపనార మిల్లు నడుపుకొంటున్న పరిచయస్తుడొకరు మిల్లు ఆవరణలోని సొంత నీటి గుంట మీద ఫలకాలు వేసుకుందామని కనుక్కుంటే, విద్యుత్ కార్యాలయాల్లో ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఎంత రుసుము కట్టాలో చెప్పగలిగారు. అదే మా నీటి సంఘం వారు ప్రభుత్వ చెరువు గురించి అడిగితే ఒక కార్యాలయం మరో కార్యాలయం వైపు, అది ఇంకొక శాఖ వైపు వేలు చూపించాయి. ఆ ఉద్యోగులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాడిని, ఎందుకంటే చేతిలో షరతుల పత్రం లేని ఇంజనీరు నీటి మీద సంతకం పెట్టడానికి జంకుతాడు, పైనుంచి ఒత్తిడి వస్తే చూడవలసింది చూడకుండానే పెట్టేస్తాడు. ఈ రెండూ ప్రమాదమే.

ఇప్పటిదాకా నడుస్తున్న కేంద్రాలను చూపి అనుమతులు తేలికేనని కొందరు అంటారు. విశాఖలో ముడసర్లోవ జలాశయం మీద 2018లో 2 మెగావాట్ల కేంద్రం వచ్చింది, మేఘాద్రిగెడ్డ మీద 3 మెగావాట్లది వచ్చింది. ఎన్‌టీపీసీ వారి సింహాద్రి విద్యుత్ కేంద్రం జలాశయంలో దాదాపు 75 ఎకరాల మీద 25 మెగావాట్ల కేంద్రం 2021 ఆగస్టులో మొదలైంది. తెలంగాణలోని రామగుండంలో 500 ఎకరాల్లో పరచుకున్న 100 మెగావాట్ల కేంద్రం 2022 జులై నాటికి పూర్తి స్థాయిలో పనిచేయసాగింది. ఇవన్నీ మంచి కేంద్రాలే, కానీ ప్రతిచోటా నీటి మీద అధికారం ఉన్నవారూ కేంద్రం పెట్టుకున్నవారూ ఒక్కరే. నగరపాలక సంస్థ తన తాగునీటి జలాశయం మీద పెట్టుకుంది, ఎన్‌టీపీసీ తన చల్లబరిచే నీటి మీద పెట్టుకుంది. అక్కడ ఆయకట్టు లేదు, వేసవిలో చివరి భూములకు నీళ్లు వదలాలని రైతులు గట్టెక్కే పరిస్థితి లేదు. ఆ అనుభవాన్ని తెచ్చి సాగునీటి జలాశయానికి అతికించలేం.

సాగునీటి జలాశయమంటే ఏమిటో మడ్డువలసనే తీసుకుని చెబుతాను. సువర్ణముఖి నది మీద వంగర మండలంలో ఉన్న ఈ జలాశయం 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, రాజాం మండలాలు విజయనగరానికి వెళ్లాయి. ఆయకట్టులోని జి.సిగడాం, పొందూరు వైపు భూములు శ్రీకాకుళంలోనే ఉండిపోయాయి. అంటే నీరు నిలిచేది ఒక జిల్లాలో, కాలువ చివర పంట ఎండేది మరో జిల్లాలో. రేపు ఎవరైనా ఆ జలాశయం మీద ఫలకాలకు అనుమతి కోరితే విజయనగరం కలెక్టరు ఎదుట ఫైలు నడుస్తుంది. పొందూరు రైతు తన అభ్యంతరం చెప్పుకోవాలంటే తనది కాని జిల్లాకు వెళ్లాలి. ఈ చిన్న సంగతి ఎవరికీ తట్టకుండానే ఒప్పందం మీద సంతకాలు అయిపోతాయని నా భయం.

ఒప్పందం గురించి కూడా ఒక మాట చెప్పాలి. సౌర కేంద్రాలకు కరెంటు కొనుగోలు ఒప్పందాలు సాధారణంగా 25 ఏళ్లకు ఉంటాయి. అన్నేళ్లూ తేలుతూ ఉండాలంటే ఫలకాల కింద కనీసం ఇంత లోతు నీరు నిలవాలని సౌర కేంద్రం నడిపేవారు కోరతారు. తేలే పీపాలు అడుగుకు ఆనితే వంగుతాయి, కట్లు తెగుతాయి కనుక వారి కోరికలో తప్పేమీ లేదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో రైతుకు కావలసింది ఆ ఆఖరి నీరే. వర్షాభావ సంవత్సరంలో ఆకుమడికి నీళ్లిమ్మని ఆయకట్టు అడుగుతున్నప్పుడు, జలాశయంలో నీటిమట్టం ఇంతకన్నా దిగకూడదని ఒప్పందంలో ఒక వాక్యం ఉంటే ఎవరి మాట చెల్లుతుంది? నిరభ్యంతర పత్రంలో మొట్టమొదట రాయవలసిన షరతు ఇది: నీటి విడుదలలో సాగుకు, తాగునీటికి ఉన్న ప్రాధాన్యం మారదు, మట్టం తగ్గినందువల్ల సౌర కేంద్రానికి జరిగే నష్టానికి ప్రభుత్వం గాని రైతు గాని పూచీ పడరు, అడుగుకు ఆనినా తట్టుకునేటట్టు తేలే వేదికలను, లంగరు తాళ్లను రూపొందించుకోవలసిన బాధ్యత సౌర కేంద్రం పెట్టేవారిదే. ఈ సంగతి టెండరుకు ముందే తెలిస్తే పాడుకునేవాడు దాన్ని ధరలో లెక్క వేసుకుంటాడు. తరవాత తెలిస్తే కోర్టుకెక్కుతాడు.

వరద సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. మన నదులన్నీ చిన్నవి, ఒడిశా కొండల మీద గట్టి వాన పడితే గంటల వ్యవధిలో నాగావళి, వంశధార పొంగుతాయి. వరద ఒక్క నీటితో రాదు, చెట్ల మొద్దులు, గుర్రపుడెక్క, వెదురు బొంగులు కూడా తెస్తుంది. లంగరు తెగిన ఫలకాల తెప్ప ఒకటి కొట్టుకొచ్చి స్పిల్‌వే గేటుకు అడ్డం పడితే ఆ రాత్రి గేటు ఎత్తవలసిన సిబ్బంది పరిస్థితి ఊహించుకోండి. ఆనకట్టల భద్రత చట్టం 2021లో వచ్చింది, 15 మీటర్లు మించిన ఆనకట్టలన్నీ దాని కిందకు వస్తాయి, రాష్ట్ర స్థాయిలో భద్రతా సంస్థ ఉండాలని కూడా చెప్పింది. గేట్లకు ఎంత దూరంలో ఫలకాలు ఉండాలి, మధ్యలో అడ్డుగొలుసు వేయాలా వద్దా అన్నది ఆ సంస్థ పరిశీలించాకే నిరభ్యంతర పత్రం వెలువడాలి. ఎత్తు లెక్కలో ఆ చట్టం కిందకు రాని కట్టలకు కూడా ఇదే పరిశీలన ఉండాలి.

ఇక తుపాను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస పరిసరాల్లో దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. గాలి భారానికి సంబంధించిన భారతీయ ప్రమాణం తూర్పు తీరం వెంబడి 60 కిలోమీటర్ల పట్టీని తుపాను ప్రాంతంగా ప్రత్యేకంగా లెక్కగడుతుంది. మన రెండు జిల్లాల జలాశయాల్లో చాలావరకు ఆ పట్టీలోనే ఉన్నాయి. 2019 సెప్టెంబరులో జపాన్‌లోని యమకురా ఆనకట్ట మీది 13.7 మెగావాట్ల కేంద్రం టైఫూన్ గాలికి చెల్లాచెదురై, ఫలకాలు ఒకదాని మీదొకటి మడతపడి మంటలు లేచాయి. అంత సాంకేతిక జాగ్రత్త ఉన్న దేశంలోనే అలా జరిగింది కాబట్టి, గాలి, అల, లంగరు లెక్కలను కేంద్రం పెట్టేవారు కాకుండా స్వతంత్ర సంస్థ ఒకటి సరిచూడాలని కోరడం అతి జాగ్రత్త కాదు. తుపాను తరవాత విరిగిన ఫలకాలను నీళ్లలోంచి ఎన్ని రోజుల్లో తీయాలో కూడా షరతుల్లో ఉండాలి. తాగునీటి జలాశయంలో ఆ మాటకు ఇంకా విలువ ఎక్కువ.

తాగునీరంటే హిరమండలం గుర్తొస్తుంది. వంశధార రెండో దశలో కట్టిన 19.05 టీఎంసీల ఈ జలాశయం మా వైపు అన్నిటికన్నా పెద్దది, కాబట్టి పెద్ద కేంద్రం ఆలోచన చేసేవారి చూపు ముందు దాని మీదే పడుతుంది. కిడ్నీ జబ్బులతో తల్లడిల్లిన ఉద్దానానికి 2023 డిసెంబరులో ప్రారంభమైన మంచినీటి పథకం తెచ్చేది ఈ జలాశయపు నీటినే. ఫలకాల నీడలో పాచి తగ్గుతుందన్నది ఒక వాదన. మరీ ఎక్కువ భాగం కప్పితే గాలి తగలక నీటిలో ఆక్సిజన్ తగ్గుతుందన్నది మరొకటి. రెండింటిలోనూ నిజం ఉంది, ఎంత భాగం కప్పామన్న దాన్నిబట్టి, ఏ చోట కప్పామన్న దాన్నిబట్టి ఏది ఎక్కువన్నది తేలుతుంది. అందుకే మంచినీటిని తోడే బావికి చుట్టూ ఇంత దూరం ఖాళీగా వదలాలని, ఫలకాలు కడగడానికి ఏ రసాయనమూ వాడకూడదని, నీటి నమూనాల ఫలితాలను నెలనెలా పంచాయతీ నోటీసు బోర్డుల మీద పెట్టాలని ముందే రాసుకోవాలి. ఉద్దానం ప్రజలకు నీటి మీద ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు. దాన్ని మాటలతో పోగొట్టలేం.

హిరమండలం జలాశయం అడుగున ఊళ్లున్నాయి. ఇళ్ల పునాదులు, గుడి అరుగులు, చెట్ల మొదళ్లు, బావుల వరలు ఇంకా అక్కడే ఉన్నాయి. లంగరు దిమ్మలు దింపడానికి అడుగు కొలతలు తీసే సర్వే బృందానికి అవి ఎదురవుతాయి. ఆ ఊళ్లను ఖాళీ చేసి వెళ్లినవారికి ఆ జలాశయం సాగునీటి కోసమేనని చెప్పారు. భూమిని ఏ ప్రయోజనం కోసం సేకరించారో ఆ ప్రయోజనాన్ని మార్చకూడదని 2013 భూసేకరణ చట్టంలోని 99వ సెక్షను అంటుంది. అంతకుముందు జరిగిన సేకరణలకు అది వర్తిస్తుందా అన్నది న్యాయవాదులు తేల్చుకోవలసిన విషయం. నా మట్టుకు, ఆ నీటి మీద నుంచి కొత్త ఆదాయం పుడితే అందులో మొదటి వాటా ఎవరికన్న ప్రశ్నకు నిర్వాసితుల కాలనీల్లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుందని తెలుసు.

నిర్వాసితుల్లో కొందరికి, పాత మత్స్యకార కుటుంబాలన్నిటికీ జలాశయంలో చేపల వేటే ఆధారం. మత్స్యశాఖ బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను వదులుతుంది, సహకార సంఘాల సభ్యులు లైసెన్సు తీసుకుని తెప్పల మీద వెళ్లి వల వేస్తారు. ఫలకాల నీడకు చేపలు చేరతాయి గానీ, అక్కడికి తెప్ప వెళ్లదు, కేబుళ్లున్నచోట వల దించనివ్వరు. కేంద్రం ఎన్ని ఎకరాలు కప్పిందన్న లెక్కలో ఇది కనిపించదు, ఎందుకంటే మత్స్యకారుడు కోల్పోయేది ఫలకాల కింది నీటితో పాటు వాటి చుట్టూ వదిలిన భద్రతా వలయాన్ని, గట్టుకు చేరే దారిని కూడా. మధ్యప్రదేశ్‌లోని ఓంకారేశ్వర్ జలాశయం మీద 600 మెగావాట్లు తలపెట్టి మొదటి విడతగా 278 మెగావాట్లు పెట్టినచోట మత్స్యకారుల నిరసన ఇందుకే వచ్చింది. అక్కడ ఒక మంచి పద్ధతి కూడా ఉంది, దాన్ని చెప్పకుండా వదిలేయడం న్యాయం కాదు. రాష్ట్ర ప్రభుత్వ భాగస్వామ్యమున్న రేవా అల్ట్రా మెగా సోలార్ సంస్థ ఆ సోలార్ పార్కు బాధ్యత తీసుకుని, ఒక్కొక్క భాగాన్ని వేర్వేరు సంస్థలకు పోటీ వేలంలో అప్పగించింది. పాడుకున్న ప్రతివాడూ విడివిడిగా నీటి అనుమతి కోసం తిరిగే పద్ధతి కంటే అది మెరుగు. మన దగ్గర నెడ్‌క్యాప్ ఆ పాత్ర తీసుకోగలదు, మత్స్యకారుల మాట ముందే విని, అక్కడి లోటును ఇక్కడ పూడ్చుకోగలదు.

ఇంతగా ముందే వినాలి, ముందే రాయాలి అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, విద్యుత్ కేంద్రాల అనుమతుల విషయంలో శ్రీకాకుళం జిల్లాకు ఉన్న జ్ఞాపకం మామూలుది కాదు. సోంపేట బీల భూములను థర్మల్ కేంద్రానికి కేటాయించినప్పుడు, నీళ్లు నిలిచి చేపలకు, పశువులకు, ఎత్తిపోతలకు ఆధారమైన నేలను పనికిరాని భూమిగా చూపారన్నదే అక్కడి ప్రజల ప్రధాన అభ్యంతరం. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అప్పీలు తీర్పు ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే అన్న మాట ఆ ఊళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర (నీరు నిలిచే పల్లపు నేల) దగ్గర కూడా పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సౌర ఫలకాలకూ బొగ్గు కేంద్రానికీ పోలిక లేదని నాకు తెలుసు, బూడిద లేదు, పొగ లేదు, వేడినీరు సముద్రంలోకి వదలడం లేదు. కానీ ఆ రెండుచోట్లా కాగితం మీద ఖాళీగా కనిపించిన నీటిచోటు నిజానికి ఖాళీ కాదు. జలాశయం కూడా ఉపగ్రహ చిత్రంలో ఖాళీగానే కనిపిస్తుంది. థర్మల్ కేంద్రానికి కనీసం అప్పీలు చేసుకోవడానికి ఒక పర్యావరణ అనుమతి ఉండేది. తేలే సౌర కేంద్రానికి అదీ లేదు గనుక, అభ్యంతరాన్ని ఎక్కడ చెప్పుకోవాలో నిరభ్యంతర పత్రం ఇచ్చే పద్ధతిలోనే ఏర్పాటు చేయాలి.

పక్షుల గురించి చాలా క్లుప్తంగా. టెక్కలి మండలం తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చుట్టుపక్కల చెరువుల్లో, నౌపడ తంపరలో మేత వెతుక్కుంటాయి. ఆ చెరువులను ఫలకాలు వేయదగిన చోట్ల జాబితాలో చేర్చకపోవడమే మంచిది. ఫలకాల మీద కొంగల రెట్ట పడి కరెంటు తగ్గుతోందని ఆ తరవాత ఫిర్యాదు చేసే బాధ కూడా తప్పుతుంది.

నీటి ఆదా మీద జరుగుతున్న ప్రచారాన్ని కూడా కొంచెం తగ్గించుకుంటే బాగుంటుంది. రామగుండంలో 500 ఎకరాలు కప్పడం వల్ల ఏడాదికి సుమారు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా ఆగుతుందని ఎన్‌టీపీసీ చెబుతోంది. టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు కాబట్టి, అది టీఎంసీలో దాదాపు తొమ్మిదో వంతు. 19 టీఎంసీల హిరమండలంలో అది ఏపాటి? పైగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గేట్లెత్తి నీరు కిందికి వదిలే రోజుల్లో ఆదా అయిందన్న నీరు సముద్రంలోకే పోతుంది. చిన్న చెరువులో, వేసవిలో మాత్రం అదే నీరు నిజంగా విలువైనది. కరెంటు కోసం కేంద్రం పెట్టాలనుకుంటే కరెంటు లెక్క మీదే సమర్థించుకోవాలి, నీటి ఆదాను కొసరుగా చూడాలి గాని రైతుకు చూపే ఆశగా వాడకూడదు.

ఆ చిన్న చెరువుల దగ్గరే నాకు అసలు అవకాశం కనిపిస్తోంది. రైతుల సౌర విద్యుత్తు కోసం కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన పీఎం కుసుమ్ పథకంలో మొదటి విభాగం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సౌర కేంద్రాలు పెట్టుకోవడానికి రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలతో పాటు నీటి వినియోగదారుల సంఘాలను కూడా అర్హులుగా పేర్కొన్నారు. మన రాష్ట్రంలో 1997 నాటి చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు కూడా జరిగాయి. సింహాద్రి లెక్కన మెగావాటుకు మూడెకరాలు చాలు. అంటే ఒక నీటి సంఘం ఆరెకరాల నీటి మీద 2 మెగావాట్ల కేంద్రం నడిపి, వచ్చే డబ్బుతో పూడిక తీయించుకోవచ్చు, తూములు బాగు చేయించుకోవచ్చు, కాలువలు, తూములు చూసుకునే లస్కరుకు జీతం ఇవ్వవచ్చు. ఆ పథకం మార్గదర్శకాలు బంజరు, బీడు, పచ్చిక, చిత్తడి, సాగు భూముల దగ్గరే ఆగిపోయాయి. తాను కాపలా కాసే చెరువు మీద కేంద్రం పెట్టుకోవడానికి సంఘం ఎవరిని అడగాలో ఎక్కడా లేదు. పెద్ద జలాశయాన్ని పెద్ద సంస్థకు ఇచ్చే దారి వేసేటప్పుడే, ఈ చిన్న దారినీ వేయమని కోరుతున్నాను.

జలవనరుల శాఖను, నెడ్‌క్యాప్‌ను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జలాశయానికొకటి చొప్పున ఉపరితల పటం తయారు చేసి, అందులో ఫలకాలకు ఇవ్వదగిన చోటును, గేట్ల దగ్గర, మంచినీటి తోడే బావి దగ్గర, పడవరేవుల దగ్గర ఇవ్వకూడని చోటును రంగులతో గుర్తించి, పైన చెప్పిన షరతులతో కలిపి తెలుగులో ప్రచురించాలి. ఆ ముసాయిదాను నీటి సంఘాల, ప్రాజెక్టు కమిటీల సమావేశాల్లో, మత్స్యకార సంఘాల సమావేశాల్లో చదివి వినిపించాలి. ఆయకట్టు రెండు జిల్లాల్లో ఉన్నచోట రెండు జిల్లాల్లోనూ వినిపించాలి. టెండరు పిలుపు దాని తరవాతే రావాలి. ఉపరితలపు అద్దె ఎంతో, అందులో నీటి సంఘానికి, మత్స్యకార సంఘానికి, నిర్వాసిత కాలనీలకు ఎంతెంతో ఆ పత్రంలోనే అంకెల్లో ఉండాలి. గడువు తీరాక ఫలకాలను, పీపాలను, దిమ్మలను తీసుకుపోవడానికి అయ్యే ఖర్చును సౌర కేంద్రం పెట్టే సంస్థ మొదటి రోజే బ్యాంకు గ్యారంటీగా పెట్టాలి, ఎందుకంటే పాతికేళ్ల తరవాత ఆ సంస్థ అదే పేరుతో ఉంటుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఇంతా చేస్తే దరఖాస్తుదారుకూ మేలే. ఇవన్నీ ముందే తేలిన జలాశయం మీద నిరభ్యంతర పత్రానికి కచ్చితమైన గడువు పెట్టి, ఆలోగా ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలని నిబంధన పెట్టడానికి శాఖకు కూడా ఇబ్బంది ఉండదు.

వీటన్నిటికీ మొదట కావలసింది జలాశయాల అడుగు కొలతలు. పూడిక ఎంత చేరిందో, ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ బురద ఉందో తెలియకుండా లంగరు లెక్కలు, కనిష్ఠ మట్టం షరతులు రాయలేం. పాత పటాల్లో ఉన్న అంకెలు కట్టిననాటివి. నీరు బాగా దిగే ఏప్రిల్ చివరి వారం నుంచి తొలకరి దాకా ఆ పని అతి తక్కువ ఖర్చుతో చేయవచ్చు. బయటపడిన అడుగును నేల సర్వేతోనే కొలవవచ్చు, మిగిలిన నీటిని పడవ మీద నుంచి శబ్ద తరంగాల పరికరంతో కొలవవచ్చు. మడ్డువలస, హిరమండలం రెండింటికైనా వచ్చే వేసవిలోనే ఈ కొలతలు తీయించవలసిందిగా ఉత్తర కోస్తా జలవనరుల శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. జూన్‌లో నీరు చేరడం మొదలైతే మళ్లీ ఏడాది ఆగాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు,
రాజాం, విజయనగరం జిల్లా